అది బిస్కెట్టు కాదు వదినా

బంక పెట్టానా? నేనా? మీ అమ్మకా? అయ్యో వదినా, అంత మాట మీ నోట్లోంచి ఎలా వచ్చింది!

ముందు లోపలికి రండి. గుమ్మంలో నిలబడి అరుచుకుంటే మెట్ల మీద పోయేవాళ్లందరికీ కాలక్షేపం. ఆ పెట్టె మాత్రం అక్కడే ఉంచండి. ఖాళీదే కదూ? పట్టుకున్న తీరు చూస్తేనే తెలుస్తోంది, బరువే లేదు. అంటే వెళ్లేటప్పుడు మీ అమ్మ బట్టలతో నింపుకెళ్దామనేగా!

మెల్లగా మాట్లాడండి. అత్తయ్య లోపల కునుకు తీస్తున్నారు. చూపు పోయిన దగ్గర్నుంచీ ఆవిడకి పక్కింటి గుసగుసలు కూడా వినపడుతున్నాయి. వంటింట్లోకి రండి, తలుపేసుకుని పోట్లాడుకుందాం.

ఆ కుర్చీలో కూర్చోకండి! దాని మీద పిండి ఆరబెట్టాను. పిండంటే తినే పిండి కాదు. అలా చూడకండి, చెప్తాను. ఈ స్టూలు మీద కూర్చోండి. మంచినీళ్లు తాగండి. ఎండలో పడి వచ్చారు, మొహం కందిపోయింది.

ఫోన్ చేసిందెవరు, పైవాటా పిన్నిగారేనా? అనుకున్నా. ఊరికే ఆవిడకి రేడియో పిన్ని అని పేరు పెట్టామా? మెట్లు దిగుతూ చూసిందాన్ని మళ్లీ మెట్లెక్కేలోగా ఊరంతా చేరవేస్తుంది. ఏమంది మీతో? మీ మరదలు మీ అమ్మకి బంక తినిపించింది, పన్ను ఊడగొట్టింది, పైగా ఎదురుగా కూర్చుని పగలబడి నవ్వింది. అంతేగా?

బంక ఉన్నమాట నిజం. పన్ను ఊడినమాట నిజం, కాకపోతే అది కట్టుడు పన్ను. ఇక నవ్వంటారా... నవ్వాను వదినా. అబద్ధం ఎందుకు? నేల మీద కూలబడి, కళ్లెంట నీళ్లు కారేదాకా నవ్వాను.

కూర్చోండి! అలా విసురుగా లేవకండి. ఎందుకు నవ్వానో విని, అప్పుడు కూడా మీకు తీసుకెళ్లాలనిపిస్తే తీసుకెళ్లండి. నేనే బట్టలు మడతపెట్టి ఇస్తాను. మీ అమ్మ మీద మీకున్న హక్కు నాకెక్కడిది? కానీ రేడియో పిన్ని చెప్పింది విన్నారు కదా, నేను చెప్పేది కూడా వినండి.

అయినా మీ అమ్మ సంగతి మీకు నేను చెప్పాలా! తప్పు పట్టడంలో ఆవిడని మించిన మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజున, ఇంకా పెళ్లిబట్టలైనా మార్చుకోలేదు, నన్ను పక్కకి పిలిచి ఏమన్నారో తెలుసా? "అమ్మాయ్, నీ జాకెట్టు ఎడమ భుజం కొంచెం దిగింది" అన్నారు. అద్దంలో చూసుకుంటే నిజంగానే దిగింది. అదే నాకు మంట. ఆవిడ పట్టిన తప్పు ఎప్పుడూ నిజమే.

కాఫీలో పంచదార ఒక పలుకు ఎక్కువైతే తెలిసిపోతుంది. కర్టెన్ అంచు ఒకచోట దారం మారితే తెలిసిపోతుంది. గోడ గడియారం ఒరిగిందని మీ తమ్ముడి చేత ఎన్నిసార్లు మేకు పీకించి కొట్టించారో ఆ గోడనడిగితే చెప్తుంది.

ఇక క్రిస్మస్ వచ్చిందంటే మీ తమ్ముడికి తల ప్రాణం తోకకొచ్చేది. ఆయన స్టూలెక్కి చెట్టుకి బంతులు కట్టడం, ఆవిడ అవతలి గోడకి ఆనుకుని ఒక కన్ను మూసి చూడటం. "నక్షత్రం ఎడమకి ఒరిగింది. ఆ ఎర్రబంతులు రెండూ పక్కపక్కనే ఎందుకురా, పోట్లాడుకోవడానికా?" ఇలా సాయంత్రం దాకా సాగేది. నేను వంటింట్లో గిన్నెలు గట్టిగా తోమేదాన్ని, ఆ చప్పుడులో నా సణుగుడు వినపడకుండా.

మీకెన్నిసార్లు ఫోన్ చేసి ఏడవలేదు! "నాలుగు రోజులు మీ ఇంటికి తీసుకెళ్లండి వదినా, కాస్త ఊపిరి పీల్చుకుంటాను" అని. మీరప్పుడు "మా ఇంట్లో నున్నటి నేల, అమ్మ జారిపడుతుంది" అన్నారు. అనలేదూ? సరేలెండి, దెప్పడానికి కాదు. గుర్తు చేస్తున్నానంతే.

అలాంటి మనిషికి చూపు పోయింది. కంటి నరం ఎండిపోయింది, ఇక తిరిగి రాదన్నారు డాక్టరుగారు. వెలుగు ఎటుందో తెలుస్తుంది, అంతకుమించి లేదు. మీరూ ఉన్నారుగా ఆ రోజు.

ఏడుస్తారనుకున్నా. నా మీద అరుస్తారనుకున్నా. దేనికైనా సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ ఏమీ చెయ్యలేదు వదినా. గదిలోకి వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నారు. తప్పులు పట్టడం మానేశారు.

మీకు నవ్వులాటగా ఉందేమో. ఇంట్లో ఉండి చూడండి తెలుస్తుంది. ఒకరోజు హడావుడిలో కాఫీలో పంచదార వెయ్యడం మర్చిపోయాను. తాగేశారు! గ్లాసు చేతికిచ్చి "బాగుందమ్మా" అన్నారు. తీపి తెలియడానికి కళ్లతో పనేముంది చెప్పండి? చేదు కాఫీ తాగి బాగుందమ్మా అన్నారంటే, ఆవిడకి ఏదెలా ఉన్నా ఒకటే అయిపోయిందన్నమాట. ఆ గ్లాసు పట్టుకుని నేను సింకు దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

మీరు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తారు కదా. "బాగున్నాను, అంతా బాగానే ఉంది, నువ్వు జాగ్రత్త" అంటారు కదా మీతో? మీరు అమ్మ మెత్తబడిందని సంతోషించారు. నాకు భయమేసింది.

ఇక ఈ నెల మొదట్లో అడిగాను, "చెట్టు ఈసారి ఏ మూల పెడదాం అత్తయ్యా?" అని. "నీ ఇష్టం" అన్నారు. నా ఇష్టమట! నేను ఈ ఇంటికొచ్చాక ఆ మాట వినడం అదే మొదలు. ఒకప్పుడైతే ఆ మాట కోసం చెవులు కోసుకునేదాన్ని. "నాకెందుకమ్మా చెట్టు. అది ఉందో లేదో కూడా నాకు తెలియదు కదా" అని మళ్లీ గోడవైపు తిరిగారు.

మీ తమ్ముడితో చెప్తే, "పోనీలే, ఈ ఏడాది చెట్టు మానేద్దాం, ఖర్చూ తగ్గుతుంది" అన్నారు. ఆయన ప్రెస్సులో పనులు పల్చబడి సగం రోజులు ఇంట్లోనే ఉంటున్నారు లెండి. నాకు ఒళ్లు మండింది. మానేస్తే ఆవిడ అన్నది నిజమైపోదూ?

ఇంతలో ఏమైందంటే, మా టైలరింగ్ కొట్టు నుంచి ఒక పాత ఉన్ని కోటు ఇంటికి తెచ్చుకున్నా, లోపలి గుడ్డ మార్చడానికి. బీరువాలో పురుగు పట్టకుండా ఎవరో దాని జేబులో లవంగాలూ నారింజ తొక్కలూ వేసి ఉంచారు. నేను కోటు దులిపానో లేదో, గదిలోంచి మీ అమ్మ గొంతు! "ఎవరొచ్చారు?"

అన్ని నెలల తర్వాత ఆవిడంతట ఆవిడ అడిగిన మొదటి మాట అది. "ఎవరూ రాలేదత్తయ్యా, కోటొచ్చింది" అన్నాను. "లవంగాలు పాతవి" అన్నారు. అని ఊరుకున్నారు. కానీ మొహం ఇటువైపు తిప్పే ఉంచారు వదినా. నేను కోటు లోపల పెట్టేదాకా.

అప్పుడు తట్టింది. కళ్లు పోతే పోయాయి, ముక్కు ఉందిగా! చెట్టు ఉందో లేదో తెలియదన్నారు కదా, గుమ్మంలో అడుగు పెట్టగానే తెలిసేలా చేస్తే?

ఆ వాసన వేసే అలంకారాలు బజారులో అమ్ముతారు, గాజు తలుపుల వెనకాల, పట్టుగుడ్డ మీద పెట్టి. ధర కట్టిన చీటీ తిప్పి చూసి, అంతే మెల్లగా మళ్లీ తిప్పి పెట్టేసి వచ్చాను. కొట్టులో పిల్ల "ప్యాక్ చెయ్యమంటారా?" అంది. దానికెంత ఆశో!

సరే, మనమే చేద్దాం అనుకున్నా. ఎలా అంటారా? కనిపించిన ప్రతివాళ్లనీ అడిగాను, సిగ్గు లేకుండా. మసాలా దినుసుల గోదాముకెళ్లి బస్తాల అడుగున మిగిలే దాల్చినచెక్క పొడి ఇమ్మన్నాను. ఘాటు తగ్గింది, వంటకి పనికిరాదు, ఊడ్చి పారేసేదే. గోదాము ఆయన సంచీడు ఇచ్చాడు, నేను పిచ్చిదాన్నని జాలిపడి. పళ్లబండి ఆయన్ని దెబ్బతిన్న యాపిల్స్ అడిగాను. అవి ఉడకబెట్టి, గుజ్జు గట్టిగా పిండి, దాంట్లో దాల్చినచెక్క పొడి వేసి ముద్ద కలుపుతారు. విరిగిపోకుండా కాస్త తెల్ల బంక, పిల్లలు కాగితాలు అతికించుకునేది. అదీ ఆ మహా బంక కథ!

చపాతీ... కాదు కాదు, తిండి పేరెత్తను. పలకలా పరిచి, నక్షత్రాలూ గంటలూ చంద్రవంకలూ కొయ్యడం, పైన స్ట్రాతో చిల్లు పొడవడం. ఎండాక రిబ్బను కట్టడం. రిబ్బన్లకేం కొదవ, మా కొట్టులో రోజూ ఇన్నిన్ని ముక్కలు పారేస్తాం.

చెప్పినంత తేలిగ్గా అయిందనుకునేరు. మొదటిసారి గుజ్జు సరిగా పిండలేదు. కిటికీలో ఆరబెడితే నాలుగోనాటికి నక్షత్రాలన్నిటికీ తెల్లటి గడ్డాలు మొలిచాయి! బూజు. మీ తమ్ముడు చూసి, "మంచు కురిసినట్టు బాగానే ఉందే" అన్నారు. ఆయన్ని ఏమనాలి చెప్పండి?

చెట్టుకే కడదామని కోసిన నారింజ చక్రాల సంగతింకా ఘోరం. త్వరగా ఎండుతాయని కొట్టులో ఇస్త్రీపెట్టె కింద గుడ్డలో చుట్టి నొక్కాను. సర్‌మని పొగ! ఆ పెట్టెతోనే తర్వాత ఒకాయన కోటు ఇస్త్రీ చేశాం. ఆయన మర్నాడొచ్చి, మీరు వాడే సబ్బు ఏమిటమ్మా, నన్ను చూసి అందరికీ ఆకలేస్తోందంటున్నారు అన్నాడు. మా యజమానురాలు నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

చివరికి ఆదుకున్నది వీధి చివర బేకరీ బాబాయి. పొద్దున్నే రొట్టెలు కాల్చేశాక ఆయన ఓవెన్ చాలాసేపు వెచ్చగా ఉంటుంది. అందులో నా పళ్లేలు పెట్టుకోనిచ్చాడు. బదులుగా ఆయన యాప్రాన్లకి జేబులు కుట్టిపెట్టాను. అబ్బ, ఎంత చక్కగా ఎండాయో! చెక్కముక్కల్లా గట్టిగా, గోధుమరంగులో, ఆ వాసన... బేకరీకి వచ్చినవాళ్లు "ఇవెంత?" అని అడగడం మొదలెట్టారు.

ఇక్కడే జరిగింది పొరపాటు. ఇంటికి తెచ్చేటప్పుడు విరిగిపోకుండా బాబాయి వాటిని ఒక అట్టపెట్టెలో సర్దిచ్చాడు. బిస్కెట్లు పెట్టే పెట్టె. వెన్న వాసన దాని ఒంటికే పట్టేసి ఉంటుంది. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, నేను రిబ్బన్ల కోసం లోపలికెళ్లాను.

అంతే! ఆ కాస్తలోనే మీ అమ్మ గదిలోంచి బయటికొచ్చారు. నేను పిలవలేదు, చెయ్యి పట్టుకోలేదు. ముక్కు దారి చూపిస్తే, గోడ తడుముకుంటూ బల్ల దాకా వచ్చేశారు. నెలల తరబడి భోజనానికి రమ్మని బతిమాలినా రాని మనిషి! పెట్టె తడిమారు. పెట్టె తడిమితే బేకరీది, వాసన చూస్తే దాల్చినచెక్క బిస్కెట్టుది. ఎవరైనా ఏమనుకుంటారు?

అయ్యో! వదినా! నోట్లో పెట్టుకోకండి!

చూశారా? చూశారా మరి! ఇంతసేపూ బంక, బూజు, బస్తా అడుగు అని నెత్తీనోరూ బాదుకుని చెప్తున్నా కదా. రెండు కళ్లూ నిక్షేపంలా ఉన్న మీరే ఆ కుర్చీ మీది చంద్రవంకని అందుకుని కొరకబోయారు! ఇక ఆవిడనేమంటారు? ఇలా ఇవ్వండి. నవ్వకండి, నవ్వితే మీరూ నా జట్టయిపోతారు.

ఏం జరిగిందంటే, నేను రిబ్బన్లతో వచ్చేసరికి టక్‌మని చప్పుడు. ముందు పన్ను ఊడి బల్ల మీద దొర్లింది. ఆవిడ నోట్లో నక్షత్రం మూల ఒకటి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఉమ్మెయ్యండత్తయ్యా, ఉమ్మెయ్యండి" అని చెయ్యి పట్టాను. ఉమ్మేశారు. ముక్క కూడా మింగలేదు, ఒట్టు. నీళ్లు పుక్కిలించారు. తర్వాత డాక్టరుగారిక్కూడా చెప్పాను, ఏం పర్వాలేదన్నారు.

పుక్కిలించి, మూతి తుడుచుకుని, ఇలా నిటారుగా నిలబడ్డారు. నిలబడి ఏమన్నారో తెలుసా?

"ఎవరమ్మా ఈ బిస్కెట్లు చేసింది? తీపి లేదు, ఉప్పు లేదు, పెంకుముక్కలా ఉంది. ఇన్నేళ్లొచ్చాయి, పిండిలో వెన్న వెయ్యాలని ఇంకా తెలియదా నీకు? పైగా లవంగం ఎక్కడ? దాల్చినచెక్క ఒక్కటే వేస్తే మందుల కొట్టు కంపు కొడుతుంది. నాలుక తగలేశావు కదే!"

తగలేశావు కదే అన్నారు వదినా! నన్ను! ఊపిరి తిప్పుకోకుండా తిట్టారు! ఆ పన్ను లేని సందులోంచి గాలి బుస్సుబుస్సుమని వస్తోంది, అయినా ఆపలేదు. ఉప్పు దగ్గర మొదలెట్టి, మా అమ్మ నన్ను పెంచిన తీరు దాకా వెళ్లారు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. నవ్వొచ్చేసింది. ఆపుకుందామంటే ఆగదే! ఏడుపూ దాంతోపాటే వచ్చింది, రెండూ కలిసిపోయాయి. సరిగ్గా అప్పుడే తలుపు సందులోంచి తొంగి చూసింది రేడియో పిన్ని. ఆవిడకి కనపడిందల్లా బల్ల మీద బంక సీసా, పన్నూడిన అత్తగారు, పడీపడీ నవ్వుతున్న కోడలు. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది పాపం, ఫోన్ అందుకుంది. మీకు కుదిరి వచ్చేసరికే ఇన్ని రోజులైంది.

ఇంకో గ్లాసు నీళ్లివ్వనా?

అది బిస్కెట్టు కాదు, చెట్టుకి కట్టేదని చెప్తే ఆవిడ చెయ్యి చాపారు. "ఏదీ, ఇలా ఇవ్వు" అన్నారు. వాసన చూశారు, వేళ్లతో తడిమారు. "జాజికాయ కొంచెం గీకి వెయ్యి. యాపిల్ సరిగా ఉడకలేదు, పచ్చివాసన వస్తోంది" అన్నారు. ఆ రోజు నుంచీ ఈ వంటింట్లో నాకు చోటు లేదంటే నమ్మండి. మీరు కూర్చున్న స్టూలు ఆవిడదే. అక్కడ కూర్చుని, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని, పనికొచ్చేవి ఇటు, పనికిరానివి అటు.

వాసన తగ్గితే గరుకు గుడ్డతో రుద్దమని ఆవిడే చెప్పారు. రుద్దితే నిజంగానే మళ్లీ గుప్పుమంది! చెట్టు తెచ్చి పెట్టామా, దాని చుట్టూ ఒకసారి మెల్లగా తిరిగి, "నారింజంతా ఒకేవైపు కట్టారు, అటుపక్క బోడిగా ఉంది. కిటికీకి దగ్గరగా పెట్టారేం, వాసనంతా వీధిపాలు" అన్నారు. మీ తమ్ముడు చెట్టు జరపలేక చస్తున్నారు. మొహం మాత్రం వెలిగిపోతోంది. నిన్న స్టూలెక్కి కడుతూ ఈల కూడా వేశారు, "ఈల ఆపి పని చూడరా" అనిపించుకోవడానికి.

ఇదీ జరిగింది. ఇప్పుడు చెప్పండి.

తెలుసు వదినా. మీ ఇంట్లో లిఫ్టుంది. కనిపెట్టుకుని ఉండే మనిషిని పెడతారు. నేను పగలంతా కొట్టులో ఉంటాను, మీ తమ్ముడు ప్రెస్సుకెళ్లిన రోజున ఆవిడ ఒక్కరే ఉంటారు, నిజమే. మీరు అమ్మని చూసుకోవాలని వచ్చారు, రేడియో పిన్ని కబురు ఒక వంక దొరికింది, అంతేగా? మీరు చెడ్డవాళ్లని నేనెప్పుడన్నాను? ఫోన్లో ఆవిడ బాగున్నానని పెట్టేస్తుంటే మీకూ ఎక్కడో కలుక్కుమనే ఉంటుంది. కన్నతల్లి మీతో పొడిపొడిగా మాట్లాడితే ఎలా ఉంటుందో నాకు తెలియదా?

అదిగో, మంచం కిర్రుమంది. లేచారు. వెళ్లండి, వెళ్లి మీరే అడగండి, వస్తావా అమ్మా అని. నేను రాను. నేనుంటే మొహమాటపడతారు. నిజానికి ఆవిడకి మొహమాటమేమీ లేదనుకోండి, నాకే ఉంది. ఆవిడ వస్తానంటే నా మొహం ఎలా పెట్టుకోవాలో నాకు తెలియదు. వెళ్లండి వదినా, నేనీ ముద్ద కలుపుతుంటాను.

వచ్చేశారా?

చెప్పకండి. వినపడింది. తలుపేసుకున్నా వినపడింది, ఆ గొంతు అలాంటిది మరి. "నేనొచ్చేస్తే దీనికి ఎవరు చెప్తారే? ఒక్క నక్షత్రం తిన్నగా కొయ్యడం రాదు. అయిదు మూలల్లో రెండు పొట్టివి, ఒకటి మెలిక తిరిగి ఉంటుంది. దీన్ని కొట్టులో ఎలా ఉంచుకున్నారో! పండగ అయ్యాక చూద్దాంలే. నువ్వే ఉండు నాలుగు రోజులు, నీ చేత్తోనూ కోసి చూపించు." అన్నారు కదూ? మిమ్మల్నీ ఏదో అన్నట్టున్నారు, ఒళ్లొచ్చిందనా? అడుగుల చప్పుడు విని కనిపెట్టేశారా! అయ్యో, మీరేంటి, కళ్లు తుడుచుకుంటున్నారు? నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా? ఇప్పుడర్థమైందా నా నవ్వు?

వదినా, ఇటు రండి. ఇంకా దగ్గరికి. ఆ కుళాయి కాస్త తిప్పండి, చప్పుడులో మన మాట వినపడదు.

మీ ఒక్కరికే చెప్తున్నా. మీ తమ్ముడిక్కూడా తెలియదు. ఆ కత్తి ఇటివ్వండి. ఇదిగో, ఈ ముద్ద పరిచాను కదా, చూడండి. గీత గియ్యలేదు, అచ్చు పెట్టలేదు. ఒకటి... రెండు... మూడు... నాలుగు... అయిదు. కొలవండి కావాలంటే. వెంట్రుకవాసి తేడా ఉందేమో చూడండి.

మా కొట్టులో గుడ్డ కత్తిరించేది నేనే వదినా. పెళ్లికోట్లు కూడా నా చేతే కోయిస్తారు. నక్షత్రం కొయ్యడం నాకో లెక్కా?

మొదటిరోజు నిజంగానే ఒకటి వంకరపోయింది. ఆవిడ తడిమి పట్టేశారు, నాకు బాగా పడ్డాయి. రోషం వచ్చి మర్నాడు పళ్లెం నిండా ఒక్క వంక లేకుండా కోసిచ్చాను, మెచ్చుకుంటారని. అన్నీ తడిమారు. మళ్లీ మొదట్నుంచీ తడిమారు. "బాగున్నాయమ్మా" అని పళ్లెం పక్కన పెట్టి, లేచి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నారు.

అప్పట్నుంచీ ప్రతి పళ్లెంలోనూ రెండు మూడు వంకరవి కలుపుతున్నా. ఎలాంటి వంకర? ఆవిడ వేళ్లకి దొరకాలి, కానీ నేను కావాలని చేశానని దొరక్కూడదు. రోజుకో రకంగా ఉండాలి. ఒకరోజు చిల్లు పక్కకి జరగాలి, ఒకరోజు లవంగం తక్కువవ్వాలి. అబ్బో, తిన్నగా కొయ్యడమే సుఖం వదినా. ఇన్నేళ్లలో ఇంత కష్టపడి నేనే పనీ చెయ్యలేదు.

మీరు మాత్రం బయటపెట్టకండి. తెలిసిందంటే ఆవిడకి ఎంత పౌరుషమో మీకు తెలుసు. జాలిపడి తన చేత తప్పులు పట్టించుకుంటున్నానని అనుకుంటారు. మీరు పెట్టె మొయ్యక్కర్లేదు, ఆవిడే మోసుకుంటూ మీ వెనకాల వచ్చేస్తారు. కానీ అది జాలి కాదు వదినా. నా కోసమే చేస్తున్నా. ఆవిడ తిట్టని ఇంట్లో నాకు ఉండబుద్ధి కావట్లేదు. ఈ మాట నేనంటానని మీరెప్పుడైనా అనుకున్నారా? నేనూ అనుకోలేదు.

ఆఁ, వస్తున్నా అత్తయ్యా! కుళాయా? వదినగారు చేతులు కడుక్కుంటున్నారు! కట్టేస్తున్నాం!

వదినా, త్వరగా. నేనిప్పుడు తిన్నగా కోశానే, ఆ నక్షత్రం, దాన్ని ముద్ద చేసెయ్యండి. అదిగో వచ్చేస్తున్నారు. చేతికి దొరికిందంటే కొంపలంటుకుంటాయి!